ఎనిమిదింటికి మూసే తలుపు

గ్లౌజుల పెట్టె మూత తీయగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. పక్క టేబుల్ మీద ఫిల్టర్ కాఫీ బొట్టుబొట్టుగా దిగుతోంది. గోడలకు కొట్టిన పాత చెక్కల్లోంచి ఏళ్ళ కిందట ఒలికిన బీరు వాసన ఇప్పటికీ వస్తోంది. మూతపడిన ఒక గాస్ట్‌హౌస్, అంటే ఊరి బీరు హోటలు, వెనక, చెక్క బంతులాట కోసం కట్టిన పొడవాటి హాలు ఇది. శనివారం పొద్దున ఏడు గంటలు. కుర్చీలు వేస్తూ నాలో నేనే పైకి అనేశాను: "రబ్బరు, కాఫీ, బీరు." అడిగినవాళ్ళు లేరు. ఒకప్పుడు ఇదే హాల్లో, ఇదే వేళకి, ఫ్రావ్ హాగెన్, అంటే హాగెన్ మేడమ్, అడిగేవారు: "ఈరోజు ఏమేం వాసనలొస్తున్నాయి, చెప్పు." ఆవిడ ముక్కుకు ఏ వాసనా తెలియదు. నేను చెప్పిందంతా విని తల ఊపి, తర్వాతే కోటు విప్పేవారు. ఆవిడ పోయి రెండేళ్ళైనా నా నోటికి ఆ అలవాటు పోలేదు.

ఇంకో గంటలో ఇక్కడికి ముప్ఫై మంది దాకా వస్తారు. ద్రాక్షతోటల వాళ్ళు, నర్సరీల వాళ్ళు, మున్సిపాలిటీ పార్కుల్లో పనిచేసేవాళ్ళు. ఈ జర్మనీ దేశంలో తోటకి పురుగుమందు కొట్టాలంటే చేతిలో కార్డుండాలి. పరీక్ష రాసి కార్డు తెచ్చుకుంటే అక్కడితో అయిపోదు. మూడేళ్ళకొకసారి సగం రోజు ఫోర్ట్‌బిల్డుంగ్‌లో, అంటే మళ్ళీ పాఠాల్లో, కూర్చోవాలి. కూర్చున్నట్టు సంతకం పెట్టిన కాగితం దగ్గరుంచుకోవాలి. అది లేకపోతే కార్డు లాక్కోవచ్చు. ఫ్రావ్ హాగెన్ సగం జీవితం ఆపిల్ తోటల్లో మందు కొట్టి, మిగిలిన సగం ఈ పాఠాలు చెప్పిన మనిషి. ఆవిడ పేరు చెబితే చుట్టుపక్కల పది ఊళ్ళ రైతులు పళ్ళు నూరేవారు. మొదటిసారి చూసినప్పుడు నేనూ నూరాను.

అప్పుడు క్లాసు ఫైర్ స్టేషన్ మేడ మీద జరిగేది. కార్ల్స్‌రూహె నుంచి ట్రామ్‌లో నలభై నిమిషాలు. మాస్టర్స్ పూర్తిచేసి ఒక ఆపిల్ తోటలో ఉద్యోగంలో చేరి రెండేళ్ళు దాటింది. ఏ చెట్టుకి ఏ మందు, ఎప్పుడు, ఎంత అని చూసుకోవడం నా పని. మా ఆయన రాజేష్ ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నాడు. నా ఉద్యోగం మీదే ఇద్దరి వీసాలూ నిలబడి ఉన్నాయి, నా ఉద్యోగం ఆ కార్డు మీద నిలబడి ఉంది. ఆ రోజు ట్రామ్ మధ్యలో ఆగిపోయింది. పరుగెత్తుకుంటూ వెళ్ళి మెట్లెక్కేసరికి ఎనిమిదీ ఏడు. గాజు తలుపు మూసి ఉంది. లోపల పొట్టి తెల్లజుట్టుతో ఒక పొడుగాటి ఆవిడ మాట్లాడుతోంది. నేను తలుపు కొట్టాను. ఆవిడ వచ్చి రెండు వేళ్ళు పట్టేంత సందు తెరిచింది.

"ట్రామ్ ఆలస్యమైందండీ," అన్నాను.

"దానికి ముందు ట్రామ్ ఇంకోటి ఉంది."

"ఏడు నిమిషాలే కదా!"

"ఆ ఏడు నిమిషాల్లో నేనేం చెప్పానో మీకు తెలుసా?"

"తెలియదు."

"మరి మీరు విన్నారని నేనెలా రాసివ్వను? రెండు వారాల్లో పక్క ఊళ్ళో ఇంకోటి ఉంది. అక్కడా నేనే చెబుతాను. రండి." తలుపు మూసుకుంది.

ఇంటికి వచ్చేదాకా నా ఒళ్ళు మండుతూనే ఉంది. మాది గుంటూరు పక్కన మిరప పండించే ఊరు. మా చిన్నాన్న దానియేలు ఊరందరి తోటలకీ మందు కొట్టే మనిషి. మా అమ్మ డ్రమ్ములో మందు కలిపేది. ఎర్రనల్లి ఎప్పుడొస్తుందో, తామరపురుగు ఆకుని ఎలా ముడుస్తుందో నాకు బడికి వెళ్ళకముందే తెలుసు. ఆపైన రెండు డిగ్రీలు చదివాను. నాకా తలుపు వేసేది? రాజేష్ నాకంటే రెండాకులు ఎక్కువే మండాడు.

"ఏందంట, ఆమేమన్నా కలెక్టరా? ఏడు నిమిషాలకే తలుపేసుద్దా? నువ్వు మిరపతోటలో పుట్టినదానివి, నీకు మందు కొట్టటం ఆమె నేర్పుద్దా? ఆన్‌లైన్లో కొట్టెయ్, అయిపోద్ది."

అలా చేసినా సరిపోయేది, దానికీ అనుమతి ఉంది. కానీ నాకు పంతం పట్టుకుంది. ఆవిడ ముందు కూర్చుని, ఆవిడ అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పి, "నాకు నువ్వు నేర్పేదేమీ లేదు" అని మొహం మీదే తెలిసేలా చేసి రావాలి. రెండు వారాల తర్వాత పక్క ఊరికి గంట ముందే వెళ్ళాను. మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆవిడ నన్ను గుర్తుపట్టినట్టు తల ఊపింది తప్ప ఏమీ అనలేదు.

సగం క్లాసయ్యాక అందరికీ తెల్లటి ఓవరాల్సూ గ్లౌజులూ ఇచ్చి బయటికి తీసుకెళ్ళింది. వీపుకి తగిలించుకునే పంపుల్లో మందు లేదు, ఉత్త నీళ్ళు. వాటిలో ఒక పొడి కలిపారు. మామూలు వెలుతురులో కనపడదు. ఒక్కొక్కరు ఒక చెట్టుకి కొట్టి, పంపు దించి, ఓవరాల్స్ విప్పి లోపలికి రావాలి. నా వంతు వచ్చింది. సగం చెట్టయ్యేసరికి నా పంపు చిమ్మడం ఆగిపోయింది. నాజిల్లో చెత్త అడ్డం పడింది. అది ఆవిడే కావాలని వేసిందని తర్వాత తెలిసింది. నేను ఆలోచించలేదు. నాజిల్ ఊడదీశాను, పెదాలకి ఆనించుకుని గట్టిగా ఊదాను, మళ్ళీ బిగించి పని పూర్తిచేశాను. మా ఊళ్ళో అందరూ అలాగే చేస్తారు. మా చిన్నాన్న రోజుకి పదిసార్లు ఊదేవాడు. ఆయన చేతిలో ఉన్నంత సులువుగా నా చేతిలోనూ అయిపోయినందుకు లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

లోపల కిటికీలకి తెరలు దించి, ఒక నల్ల దీపం వెలిగించింది. దాని కింద ఒక్కొక్కరూ నిలబడితే నీళ్ళు తగిలినచోటల్లా పచ్చగా మెరుస్తోంది. ఒకాయనకి మణికట్టు, ఇంకొకాయనకి చెవి వెనక, ఒకాయనకి జేబులో ఫోను. నేను వెళ్ళి నిలబడ్డాను. ఎవరో ముందు గురకలాగా నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది. ఆవిడ చిన్న అద్దం తెచ్చి నా చేతికిచ్చింది. నా పెదాలు రెండూ పచ్చగా వెలిగిపోతున్నాయి. పళ్ళు కూడా.

చచ్చిపోవాలనిపించింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ఇలా నోటితో ఊదినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా ఇక్కడ? ఈరోజు కాదు, ఎప్పుడైనా," అని అడిగింది. ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు తన చెయ్యే పైకెత్తింది. ఆ చెయ్యి వణుకుతోంది. అంతవరకూ దాన్ని జేబులోనే పెట్టుకుని ఉందని అప్పుడు గమనించాను. "ఇరవై రెండేళ్ళు ఊదాను," అంది. కాసేపటికి వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకోటి. నన్ను చూసి ముందుగా నవ్వినాయన చెయ్యి అన్నిటికంటే ఆఖరున లేచింది.

"నాకు ఇప్పుడు కాఫీ వాసన తెలియదు. చెయ్యి ఇలా ఉంది. దానివల్లే ఇది వచ్చిందా అంటే డాక్టర్లు అవుననరు, కాదనరు. నేనూ అనను. నాకు తెలిసింది నేను చేయగలను," అని ఒక డబ్బా తెరిచింది. నిండా టూత్‌బ్రష్షులు. సూపర్‌మార్కెట్లో దొరికే చవకరకం, ప్రతిదానికీ ఒక దారం కట్టి ఉంది. "నాజిల్‌కి ఇది. జేబుకి కట్టుకోండి," అని అందరికీ పంచింది. నాకిచ్చేటప్పుడు, "మీకు ఎవరు నేర్పారు?" అని మాత్రం అడిగింది.

"మా చిన్నాన్న," అన్నాను. దానియేలు చిన్నాన్న సాయంత్రం తోటలోంచి వచ్చి, తల పట్టుకుని అరుగు మీద కూలబడేవాడు. "వేడి చేసిందిలే, మజ్జిగ తాగి పడుకుంటే తగ్గిద్ది," అనేది మా పిన్ని. అందరం అదే అనుకున్నాం. నలభై ఐదు నిండకుండానే అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్ళలేని స్థితికి వచ్చాడు, వచ్చిన ఏడాదే పోయాడు. ఎవరూ ఆయన్ని సగం రోజు కూర్చోబెట్టి నల్ల దీపం కింద ఆయన పెదాలు ఆయనకు చూపించలేదు. ఆ రోజు కాగితం మీద సంతకం తీసుకుని బయటికి వచ్చి ట్రామ్ స్టాపులో కూర్చుని ఏడ్చాను. ఫ్రావ్ హాగెన్ మీద కోపం పోయిందని కాదు. ఆ కోపానికి వేరే అడ్రసు దొరికింది.

రెండు నెలలకి ఆవిడే ఫోన్ చేశారు. "శనివారాలు వస్తారా? లిస్టు రాయడానికి, పంపులు నింపడానికి మనిషి కావాలి. తప్పులు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. ఇక్కడివాళ్ళకి తెలిసినా ఒప్పుకోరు." అలా మొదలైంది. ఆవిడ పాత వ్యానులో ఊరూరూ తిరిగాం. ఆవిడ నోట మీరు పోయి నువ్వు వచ్చింది. దారి పొడవునా పోట్లాడుకునేవాళ్ళం. ఒకసారి మధ్యాహ్నం వ్యాను ఆపి డబ్బా విప్పారు: రొట్టె, వెన్న. నా డబ్బాలో అన్నం, పండుమిరపకాయ పచ్చడి ఉన్నాయి. రుచి చూస్తానన్నారు. "కారం, వద్దు," అన్నాను. వినే మనిషైతే కదా. రొట్టె మీద వెన్న రాసి, దాని మీద చెంచాడు పచ్చడి పట్టించి కొరికారు. మొహం కందిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నేను నీళ్ళ సీసా పట్టుకుని కంగారుపడుతుంటే ఆవిడ స్టీరింగ్ మీద కొడుతూ నవ్వడం మొదలుపెట్టారు.

"సలోమీ, ఇది తెలుస్తోంది! తొమ్మిదేళ్ళ తర్వాత నోట్లో ఏదో ఉందని తెలుస్తోంది!" అన్నారు. వాసన పోయిన మనిషికి రుచులూ పోతాయట, మంట మాత్రం పోదు. మా ఊరి మిరపకాయ ఒక మనిషికి ఇలా పనికొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అప్పట్నుంచి మా అమ్మ పంపే పచ్చడిలో ఒక సీసా ఆవిడ వాటా.

ఇక హెర్ బెకర్, అంటే బెకర్ గారి, సంగతి చెప్పాలి. నేను పనిచేసే ఆపిల్ తోట ఆయనదే. ఆ ప్రాంతం తోటల సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. ఫైర్ స్టేషన్ హాలు ఇప్పించేది, క్లాసులకి ఎవర్ని పిలవాలో చెప్పేది ఆ సంఘమే. చెడ్డవాడు కాదు. తోటలో నేను చెప్పింది వినేవాడు. ఒక శనివారం ఆయన కూడా తన మూడేళ్ళ ఫోర్ట్‌బిల్డుంగ్‌కి వచ్చాడు. విరామం తర్వాత కుర్చీ ఖాళీ. కిటికీలోంచి చూస్తే కింద ట్రాక్టర్ల వ్యాపారితో మాట్లాడుతున్నాడు. పాఠం పూర్తిగా అయ్యేదాకా పైకి రాలేదు. ఆ గంట పాఠం గాలి గురించి: ఎంత గాలికి పంపు ఆపాలి, మందు పక్కవాళ్ళ మీదికి ఎలా కొట్టుకుపోతుంది అని. మా తోట కంచె పక్కనే కిటా, అంటే చిన్నపిల్లల బడి, పిల్లలు చేతులు పట్టుకుని వరసగా నడిచే దారి ఉంది.

చివర్లో అందరూ సంతకాలకి వచ్చారు. లిస్టులో ఒక్కొక్కరి పేరు పక్కన నాలుగు గడులు, గంటకి ఒకటి. గడిలో టిక్కు పెట్టేది నేను. ఫ్రావ్ హాగెన్ ఆ గడులు చూసి కాగితం మీద సంతకం పెడతారు. హెర్ బెకర్ వంగి మెల్లగా అన్నాడు: "సలోమీ, నేను ఇక్కడే ఉన్నాను. ఈ బిల్డింగులోనే. ఆ గడి నింపెయ్."

నేను పెన్నుని ఆ గడి మీదే పట్టుకుని ఉన్నాను.

"నీ కాంట్రాక్టు పొడిగించే కాగితం నా టేబుల్ మీదే ఉంది. సోమవారం చూద్దామనుకుంటున్నాను," అన్నాడు. బెదిరించినట్టు కూడా లేదు గొంతు. వాతావరణం గురించి చెప్పినట్టుంది.

నేను ఫ్రావ్ హాగెన్ వైపు చూశాను. ఆవిడ అటు తిరిగి టూత్‌బ్రష్షుతో నాజిళ్ళు తోముతున్నారు. విన్నారు. విన్నారని నాకు తెలుసు, చెయ్యి ఆగింది కాబట్టి. కానీ తిరగలేదు. ఆ వీపుని చూస్తే నాకు పట్టరాని కోపం వచ్చింది. ఒక్కసారి తిరిగి "వద్దు" అనొచ్చుగా? అంటే నేను "ఆవిడ వద్దన్నారు సార్" అని తప్పించుకునేదాన్ని. ఆ సందు కూడా మూసేసింది మహాతల్లి. ఇంట్లో రాజేష్, వీసా, ఇంటి అద్దె అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. వాటి వెనకే కంచె పక్క దారి, పసుపు టోపీలు పెట్టుకున్న పిల్లలు, అరుగు మీద తల పట్టుకున్న దానియేలు చిన్నాన్న.

"మీరు వినలేదు హెర్ బెకర్," అన్నాను. "రెండు వారాల్లో పక్క ఊళ్ళో ఇంకోటి ఉంది. రండి." గడి ఖాళీగా వదిలేసి లిస్టు ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ చదివి, అందరి కాగితాల మీదా సంతకం పెట్టి, ఆయన కాగితాన్ని మడిచి సంచిలో వేసుకున్నారు.

సోమవారం నా కాంట్రాక్టు పొడిగించడం లేదన్నాడు. రెండు నెలల్లో గడువు తీరిపోతుంది. తర్వాతి వారం సంఘం ఫ్రావ్ హాగెన్‌కి ఉత్తరం రాసింది: ఫైర్ స్టేషన్ హాలు ఇక దొరకదని. రాజేష్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఒక్క టిక్కు! ఒక్క టిక్కు పెడితే ఏం పోయేదే? ఆయనకి ముప్ఫై ఏళ్ళ నుంచి తోట ఉంది, గాలి సంగతి ఆయనకి తెలవదా?"

"నాకూ అంతా తెలుసనే అనుకున్నా గదా. నాజిల్ నోట్లో పెట్టుకుని ఊదినదాన్ని," అన్నాను. రాజేష్ లేచి టీ పెట్టాడు.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్ళి అరిచాను. "మీవల్ల నా ఉద్యోగం పోయింది. మీరు ఒక్క మాట అనలేదు. కనీసం ఇటు తిరగలేదు."

"తిరిగి ఉంటే నువ్వు నా కోసం చేసి ఉండేదానివి," అన్నారు. ఓదార్చలేదు, క్షమించమనలేదు. "గాస్ట్‌హౌస్ వెనక బంతులాట హాలు ఖాళీగా ఉంది. యజమానురాలిని అడిగాను, ఇస్తానంది. దుమ్ము చాలా ఉంది. ఎప్పుడొస్తావు?"

అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. ఇద్దరం మూడు రోజులు ఈ హాలు కడిగాం. సంఘం పిలవకపోయినా జనం వచ్చారు. తిట్టుకుంటూ వచ్చారు, ఎనిమిదికి ముందే వచ్చారు. గడువుకి పదిరోజులుందనగా, హెర్ బెకర్ గడి నేను ఖాళీగా వదిలిన రోజు మూడో వరసలో కూర్చున్న ఒక మొక్కల నర్సరీ ఆవిడ ఫోన్ చేసి నన్ను పనిలోకి తీసుకుంది. న్యాయం గెలిచిందని నేను చెప్పను. ఆవిడకి కార్డున్న మనిషి అవసరం వచ్చింది, అంతే. దొరక్కపోయి ఉంటే సామాను సర్దుకునేవాళ్ళం. అప్పుడు కూడా ఆ గడి ఖాళీగానే ఉండేది, ఈ మాట మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.

కొన్నేళ్ళకి ఆవిడ వణుకు రెండో చేతికీ పాకింది. పాఠం చెప్పడం మానేశారు. నాచేత పరీక్షలు రాయించి, తిట్టి, మళ్ళీ రాయించి నన్ను తన చోట నిలబెట్టారు. క్లాసులు చెప్పినంతకాలం ఆవిడకి వేరే ఫోర్ట్‌బిల్డుంగ్ అవసరం లేకపోయింది. ఇప్పుడు మూడేళ్ళ గడువు దగ్గరపడింది. ఇంటి వెనక మూడు వరసల ఆపిల్ చెట్లు, కొన్ని గులాబీలు తప్ప ఆవిడకి తోట లేదు. పంపు వీపున వేసుకోగల స్థితి కూడా కాదు.

"మీకెందుకు ఇంక కార్డు?" అన్నాను.

"నేను పోయే రోజుకి అది చెల్లుతూ ఉండాలి," అన్నారు. అంత పట్టుదలగా ఆవిడ తన కోసం ఏదైనా కోరుకోవడం నేను అదొక్కసారే చూశాను.

"నేను కారులో తీసుకొస్తాను."

"వద్దు. నువ్వు తీసుకొస్తే నేను ఆలస్యం కాలేను. అందరూ ఎలా వస్తారో అలా వస్తాను."

ఆ శనివారం ఎనిమిదికి నేను తలుపు మూశాను. కుర్చీల్లో ముప్ఫై మంది, రెండో వరసలో హెర్ బెకర్. అప్పటికి రెండుసార్లు ఇక్కడే వచ్చి కూర్చున్నాడు, మేం అవసరమైనంత మాట్లాడుకుంటాం. ఆవిడ రాలేదు. నేను పాఠం మొదలుపెట్టాను. ఎనిమిదీ నాలుగుకి గాజు తలుపు అవతల నాలుగు చక్రాల నడక బండిని తోసుకుంటూ ఆవిడ కనిపించారు. ట్రామ్ స్టాపు నుంచి ఆ బండితో వచ్చారు. మంచు కురిసి కరిగిన రోజు, చక్రాలకి బురద. తలుపు దగ్గర ఆగి లోపలి గడియారం వైపు చూశారు.

హాలు మొత్తానికి ఆవిడ తెలుసు. కుర్చీలు కదిలాయి. హెర్ బెకర్ సగం లేచి, "ఫ్రావ్ సలోమీ, ఆవిడకైనా తెరవండి," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. ఆయన మొహంలో ఆ పాత ఖాళీ గడి నాకు కనిపించింది. ఇప్పుడు తెరిస్తే, ఆ గడి ఇన్నేళ్ళూ ఎందుకు ఖాళీగా ఉన్నట్టు? నాకు నచ్చనివాళ్ళ కోసం ఒక గడియారం, నచ్చినవాళ్ళ కోసం ఒక గడియారమా?

గాజు దాకా నడిచాను. రెండు వేళ్ళు పట్టేంత సందు తెరిచాను.

"రెండు వారాల్లో ఇంకోటి ఉంది," అన్నాను.

ఆవిడ కండువా గడ్డం దాకా లాక్కున్నారు. "తలుపు మూయి, చలి లోపలికొస్తోంది," అన్నారు. వెళ్ళిపోలేదు. గోడ పక్క బెంచీ మీద కూర్చున్నారు. పాఠం చెబుతున్నంతసేపూ ఆవిడ తెల్లజుట్టు గాజులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. విరామంలో కాఫీ, దుప్పటి తీసుకుని పరుగెత్తాను. లోపల వెచ్చగా కూర్చోమన్నాను. "లోపల కూర్చుంటే విన్నట్టవుతుంది," అన్నారు. కప్పు రెండు చేతులతో పట్టుకుని, "ఏమేం వాసనలొస్తున్నాయి?" అని అడిగారు. చెప్పాను. క్లాసు అయిపోయాక ఇంటికి తీసుకెళ్తుంటే కారులో అన్న మాట ఒక్కటే: "నాజిళ్ళ దగ్గర మరీ తొందరపడుతున్నావు. మెల్లగా చెప్పు."

ఆ రెండు వారాల్లోపే ఆవిడ ఇంట్లో జారి పడ్డారు. తర్వాత క్లాసుకి రాలేకపోయారు, ఆ తర్వాతదానికీ రాలేకపోయారు. సంవత్సరం మారింది, గడువు దాటింది. వసంతంలో ఆపిల్ చెట్లు పూతకొచ్చిన వారం పోయారు. కార్డు మాత్రం చెల్లకుండానే.

ఆదివారం తెలుగు క్రైస్తవ సహవాసంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు అడుగుతారు. "నాలుగు నిమిషాలే కదమ్మా సలోమీ, చావుకి దగ్గరైన మనిషి. దేవుడు మనల్ని ఎన్నిటికి క్షమించలేదూ?" అంటుంది ఒక పెద్దావిడ, చెయ్యి పట్టుకుని. అప్పుడు తెరిచి ఉంటే ఇంట్లో బాగానే నిద్రపట్టేది, నిజమే. నాకిప్పటికీ అప్పుడప్పుడూ పట్టదు. అయినా తప్పు చేశానని నాచేత ఎవరూ అనిపించలేరు. ఆవిడ నన్ను పొగడలేదు, మెచ్చుకుని తల నిమరలేదు. చలిలో నాలుగున్నర గంటలు బెంచీ మీద కూర్చుని, గాజులోంచి చూస్తూ నా పాఠంలో తప్పు వెతికారు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు ఎవరిస్తారు? గుండె మాత్రం నొప్పిగానే ఉంటుంది, దాన్ని నేను దాచను.

ఆవిడ పద్ధతిలో నేను ఒక్కటే మార్చాను. ఎనిమిదికి పది నిమిషాల ముందు కోటు వేసుకుని బయటికి వెళ్ళి నిలబడతాను. ట్రామ్ స్టాపు నుంచి వచ్చే దారి వైపు తిరిగి, నడుస్తూ వస్తున్నవాళ్ళని చూసి గొంతు చించుకుని అరుస్తాను: "త్వరగా! నడవకండి, పరుగెత్తండి!" మందు కొట్టే మొగాళ్ళు, పొట్టలు వేసుకుని, నన్ను తిట్టుకుంటూ పరుగెత్తుతారు. కాస్త వయసైన వాళ్ళు కనిపిస్తే ఎదురెళ్ళి సంచీ అందుకుని చెయ్యి పట్టి లాక్కొస్తాను. వాళ్ళు గుమ్మం లోపల పడేదాకా నాకు ఊపిరాడదు.

ఇప్పుడు ఏడూ యాభై. రబ్బరు, కాఫీ, బీరు. టూత్‌బ్రష్షులకి దారాలు కట్టడం అయిపోయింది. బయటికి వెళ్తున్నాను. పది నిమిషాలు అరిచి, దారి మీద ఇంకెవరూ లేరని చూసుకుని, బెంచీ మీద కూడా ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు తలుపు మూస్తాను.